హర్రాజులో కొన్న లేతు

నస్పూరులో దుర్గవ్వ పొద్దున్నే చేసే పనులకు ఒక వరుస ఉండేది. ముందు వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టేది. తర్వాత చేదబావి నుంచి నీళ్లు తెచ్చేది. పొయ్యి అంటించి జొన్న గటకకు ఎసరు పెట్టేది. ఎసరు కాగేలోపల ఇంటి పక్కన ఉన్న కొట్టంలోకి పోయి, లేతు మిషనును వెనక్కి జరిపేది.

లేతు రోజూ పడమటికి పోయేది. ఒకరోజు జానెడు, ఒకరోజు మూరెడు. ఎప్పుడు పోతుందో ఎవరూ చూడలేదు. తెల్లారి చూస్తే జరిగి ఉండేది, అంతే. ఇరవై మణుగుల ఇనుము. దాని కాళ్ల కింద గడ్డపార దూర్చి, ఒక్కో కాలును వేలెడు వేలెడు చొప్పున ఎత్తి నెట్టుకుంటూ, నేల మీద గీసి పెట్టిన సున్నపు గీత దగ్గరికి తెచ్చేసరికి ఎసరు పొంగి పొయ్యి సగం ఆరిపోయేది. మొగుడు రాజలింగు ఇంట్లో ఉంటే రెండో గడ్డపార అతను పట్టేవాడు. మొదటి షిఫ్టుకు పోయిన రోజు పక్కింటి కొమురవ్వ ఆసరాకు వచ్చేది. కొమురవ్వకు డెబ్బయ్యేళ్లు. ఆమె ఆసరా అంటే గుంజకు ఆనుకుని మాట్లాడడమే.

"ఇయ్యాల ఎంత దూరం పోయిందే?"

"మూరెడు."

"నిన్నటి కన్న నయమే. మా బర్రె అయితే మొన్న చెరువు దాటి పోయింది."

"నీ బర్రెను కట్టెతోని కొడితె మర్లుతది అత్తా. దీన్ని కొడితె నా చెయ్యే ఇరుగుతది."

ఆ మాటన్నాక దుర్గవ్వ పాత గుడ్డకు ఇంత నూనె అద్దుకుని లేతును ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేది. వానాకాలం, ఒక్క పూట మరిచిపోతే తుప్పు పడుతుంది. తుప్పు పడితే మొగుడు అనేది తననే. తుడిచి, చేతులు కడుక్కుని, ఆరిపోయిన పొయ్యిని మళ్లీ ఊదుకునేది. అప్పటికే ఆమెకు ఒక రోజు పని అయిపోయినంత అలసట వచ్చేది, పొద్దు మాత్రం ఇంకా పొడిచి పొడవనట్టే ఉండేది.

రాజలింగు టర్నరు. ఆ పక్క బొగ్గుగనిని అందరూ బాయి అనే అంటారు. ఆ బాయి వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా కంపెనీ లేతు మీద పనిచేస్తున్నాడు. లేతు అంటే ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, దానికి పదునైన టూలు ఆనించి, కావలసిన సైజుకు గుండ్రంగా చెక్కే మిషను. కంపెనీ లేతులో అతనికి అన్నీ నచ్చేవి, ఒక్కటి తప్ప. అది తనది కాదు. షిఫ్టు అయిపోగానే ఇంకొకడు వచ్చి నిలబడతాడు. తను బిగించిన టూలును విప్పి తన ఇష్టమొచ్చినట్టు బిగించుకుంటాడు. పోతూ పోతూ మిషను ఒంటి మీదే బీడీ ఆర్పుతాడు. ఇరవై రెండేళ్లు రాజలింగు ఆ బీడీ మచ్చ తుడిచాకే పని మొదలుపెట్టాడు. పెళ్లాన్ని కూడా ఏనాడూ అంత ఓపికగా చూసుకోలేదని దుర్గవ్వ దెప్పేది. అది నిజమే.

చాలా ఏళ్ల కిందట ఇనుప రవ్వ పడి అతని ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు కుడి కన్ను కూడా మసకబారుతోంది. కంపెనీ డాక్టరు చూసి, దసరా తర్వాత పనికి పనికిరాడని రాసేశాడు. రాసిన సంగతి రాజలింగు ఇంట్లో చెప్పాడు. ఎందుకు రాశాడో మాత్రం చెప్పలేదు. "వయసు మీద పడ్డోళ్లకు అందరికి గట్లనే రాస్తుండ్రు" అన్నాడు. కొలతబద్ద మీది గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తనకు బూడిద పూసినట్టు కనిపిస్తున్నాయని ఎవరితోనూ అనలేదు. చూపు లేని టర్నరంటే కాళ్లు లేని తపాలావాడే కదా, ఎట్లా అంటాడు.

అతని ధీమా అంతా సొంత లేతు మీద. బండి ఇరుసులు, పొలాల ఇంజన్ల బుష్షులు, చెరుకు గానుగల రోళ్లు, ఊళ్లల్లో పని కొల్లలు. మిషను తనదే అయితే, దాని ప్రతి మరా చేతికి అలవాటైపోతే, కన్ను చూడలేనిది వేళ్లు చూసుకుంటాయని అతని నమ్మకం. ఒక్కగానొక్క బిడ్డకు చెన్నూరులో పెండ్లి చేసేశారు. దుర్గవ్వ చుట్టే బీడీలు ఉప్పుకూ మిరపకాయలకూ సరిపోతాయి. దసరా దాటితే ఆ ఇంట్లో ఇద్దరు మనుషుల కడుపులూ ఆ లేతు మీదే ఆధారపడాలి.

లేతు దొరకడానికి రెండేళ్లు పట్టింది. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అన్నట్టు, హైదరాబాదులో పాత ఇనుము అమ్మే అంగళ్లలో చూసినవాటికి ఒకదానికి ఒళ్లంతా పగుళ్లు, ఒకదానికి పళ్లచక్రాలే లేవు. చివరికి అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో, భైంసా అవతల పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఒకటి మూతపడి సామానంతా హర్రాజు పెడుతున్నారని తెలిసింది. రాజలింగు ఒక్కడే పోయాడు. వేలంపాటకు వచ్చినవాళ్లంతా తక్కెళ్లూ బీరువాలూ చూస్తుంటే అతను లేతు దగ్గర కూర్చుని, దాని వీపు పొడుగునా బొటనవేలి గోరు లాగాడు. ఎక్కడా తట్టలేదు. ముప్పై ఏళ్ల మిషను నిన్న పెట్టెలోంచి తీసినట్టుంది. దీన్ని చూసుకున్నవాడెవడో గానీ మహానుభావుడు అనుకున్నాడు.

పాట అతని మీదే కొట్టేశారు. గుమస్తా రసీదు రాసి సంతకం పెట్టి ముద్ర గుద్దాడు. తిప్పడానికి ఇంజనుకూ లేతుకూ మధ్య వేసే తోలు పట్టా కనిపించలేదు. అడిగితే, "జాబితాల లేదు, జాబితాల ఉన్నదే ఇస్తం" అన్నాడు గుమస్తా. లారీలోకి ఎక్కిస్తుంటే గోడ పక్కన నిలబడ్డ ముసలామె ఒకతె, గోచిపోసి కట్టుకున్న చీరలో, దగ్గరికి వచ్చి లేతును కొంగుతో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తుడిచి వెళ్లిపోయింది. ఎవరామె అని ఎవరూ అడగలేదు. రాజలింగు ఆ సమయంలో మోకులు సరిగ్గా కడుతున్నారా లేదా అన్న పరేషాన్‌లో ఉన్నాడు.

ఇంటికి తెచ్చాక కొబ్బరికాయ కొట్టారు, కొండగట్టు అంజన్న సిందూరం పెట్టారు, కొత్త పట్టా వేశారు. పొలం బావి మీంచి దింపేసిన పాత ఆయిలింజను ఒకటి తెచ్చి సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టారు. మొదటిరోజు లేతు తిరిగితే రాజలింగు దాని పక్కనే నిలబడి ఏడ్చాడు, చెమట తుడుచుకుంటున్నట్టు ముఖం తుడుచుకున్నాడు. మరునాడు పొద్దున్నకి అది జానెడు పడమటికి జరిగి ఉంది. పట్టా జారి కింద పడి ఉంది.

బోల్టులతో నేలకు బిగించాడు. తెల్లారేసరికి బోల్టులు ఊడి, వేటి నట్లు వాటికే ఎక్కి, పెద్దవి ఒక పక్క చిన్నవి ఒక పక్క వరుసగా పేర్చి ఉన్నాయి. గొలుసు వేశాడు. గొలుసు శుభ్రంగా చుట్ట చుట్టి గోడ పక్కన పెట్టి ఉంది. "ఎవలో గాని పద్ధతి గల్ల మనిషి చేతుల పెరిగింది" అంది కొమురవ్వ. ఆ రెండూ మానేసి ఇక రోజూ వెనక్కి జరుపుకోవడమే పనిగా పెట్టుకున్నారు.

జరుపుకుంటే సరిపోతుందా అంటే సరిపోదు. లేతు మట్టంగా కూర్చోవాలి. నాలుగు కాళ్లలో ఒకటి వెంట్రుకవాసి దిగినా మిషను ఒళ్లు సన్నగా మెలిపడుతుంది. ఆ మెలికతో చెక్కిన ఇరుసు ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా వస్తుంది. గాజు గొట్టంలో బుడగ ఉండే రసమట్టం పెట్టి సరిచేయాలి. ఆ బుడగ రాజలింగుకు కనిపించేది కాదు. "నీ కండ్లు మంచిగుంటయి, నువ్వు చూడు" అని పెళ్లానికి చెప్పేవాడు. ఆమె చూసి, బుడగ ఎటు పోయిందో చెప్పి, గడ్డపారతో నొక్కి, ఇనుప రేకు ముక్క దూర్చేది. కొన్నాళ్లకు ఆమె రసమట్టం తీయడమే మానేసింది. అరచెయ్యి పెట్టి, "గీ కాలు దిగింది" అనేది. రాజలింగు అది గమనించలేదు. అతనికి ఎప్పుడూ మిషను మీదే ధ్యాస.

ఇంత చేసినా పని సాగలేదు. మట్టం కుదిరేసరికి సగం రోజు పోయేది. ఆ పూట సగం చెక్కిన ఇరుసును మరునాడు మళ్లీ బిగిస్తే లెక్క తప్పేది. శ్రీరాంపూర్ దగ్గర పొలమున్న మొండయ్య తన ఇంజను ఇరుసు మూడుసార్లు తీసుకుపోయి మూడుసార్లూ తెచ్చి ముందు పడేశాడు.

"రాజలింగన్నా, ఇరుసు చెయ్యమంటె ముల్లంగి చేసిచ్చినవ్. మీది నుంచి కిందికి సన్నమైతంది."

"మిషను జర కుదురుకోనీ మొండయ్యా."

"అది కుదురుకునేసరికి నా వరి ఎండిపోతది. నేనేమో నీ మీద ఆశ పెట్టుకుంటి."

మొండయ్య మంచివాడు. కోపం రాకుండా, అలసిపోయినట్టు మాట్లాడేవాడు. ఆ కాలంలో ఆ చుట్టుపక్కల అందరూ అట్లాగే మాట్లాడేవారు. వాన చాలక, బాయిలో పని తెగక, ఎవరికీ గట్టిగా అరిచే ఓపిక ఉండేది కాదు.

దసరా వచ్చింది, పోయింది. వర్క్‌షాపులో రాజలింగు మెడలో బంతిపూల దండ వేసి పంపించారు. అతను దండ తీసి లేతుకు వేశాడు. మూడు రోజుల తర్వాత ఆ దండతోనే లేతు కొట్టం దాటి, వాకిలి దాటి, మంచిర్యాల పోయే రోడ్డు పక్కన నిలబడి కనిపించింది. వెనక్కి తేవడానికి ఆరుగురు మనుషులు, కింద వేసి దొర్లించడానికి తాటి మొద్దులు కావలసి వచ్చాయి. బస్సు కండక్టరు ఆగి, "ఎటు పోతుంది ఇది?" అని అడిగాడు. "పడమటికి" అన్నారు ఎవరో. "నిర్మల్ దిక్కా? అయితె మా బండి కాదు" అని విజిలు ఊదాడు.

లేతు గీత మీదికి వచ్చాక దుర్గవ్వ గడ్డపార అక్కడే పడేసి నేల మీద కూలబడింది.

"ఇగ నాతోని కాదు. నేను దీనికి సవతినా, దాసినా? నా నడుము ఇరిగిపోయింది. దాని మనసు ఈడ లేదు. లేనిదాన్ని పట్టుకొని మనమెందుకు సచ్చుడు?"

రాజలింగు దండకు అంటిన దుమ్ము దులపసాగాడు. కొమురవ్వే గుంజ దగ్గర నుంచి అడిగింది.

"కొడుకా, దీన్ని ఎవలి చేతుల నుంచి తీసుకున్నవ్?"

"హర్రాజుల కొన్న గదా అత్తా. కాయితం ఉంది. గుమస్తా సంతకం పెట్టిండు."

"కాయితానికి చేతులుంటయా? పలుపు ఎవలిచ్చిండ్రు?"

రాజలింగుకు అర్థమైంది. ఆ వైపు అంగట్లో పశువును కొంటే, ధర కుదిరితే సరిపోదు. అమ్మినవాడు పలుపు తాడు కొసను ఇంత పచ్చగడ్డితో కలిపి తన చేత్తో కొన్నవాడి చేతిలో పెట్టాలి. అట్లా పెట్టకపోతే పశువు ఎన్నాళ్లు మేపినా పాత దొడ్డికే పోతుంది. ఈ ముక్క నాలుగేళ్ల పిల్లలకు కూడా తెలుసు. ఇరవై రెండేళ్లు బాయిలో పనిచేసి, రసీదులకూ ముద్రలకూ అలవాటు పడి, అతను ఆ సంగతే మరిచిపోయాడు. లేతు పట్టా లేకుండా తనతో వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. కొంగుతో తుడిచిన ముసలామె కూడా గుర్తొచ్చింది.

మరునాడు బస్సు ఎక్కి నిర్మల్‌లో దిగి, ఇంకో బస్సు ఎక్కి భైంసా చేరి, అక్కడి నుంచి నడిచి మిల్లు దగ్గరికి పోయేసరికి పొద్దు వాలుతోంది. మిల్లు గోడ వెనకాల ఒక గది ఇల్లు. ఆమె పేరు తారాబాయి అని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు, మిల్లు మిస్త్రీ భార్య, మిస్త్రీ పోయి రెండేళ్లు. ఆమె గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టింది.

"యే భావూ, కూసో. ఎంత దూరం వచ్చింది?" అని అడిగింది, మరాఠీ కలిపి తమ్ముణ్ని పిలిచినట్టు పిలిచి, చుట్టం ఆరోగ్యం అడిగినట్టు.

"రోడ్డు దాకా వచ్చిందవ్వా."

"అంతేనా. దానికి కాళ్లు బరువు."

గోడకు మేకు మీద తోలు పట్టా చుట్ట చుట్టి వేలాడుతోంది. ఆముదం పట్టించి పట్టించి నల్లగా నిగనిగలాడుతోంది. రాజలింగు దాన్ని చూసి, వచ్చిన పని చెప్పాడు. మిస్త్రీ ఉండి ఉంటే ఆయన చేతి నుంచే తీసుకునేవాడిననీ, ఆయన లేడు కాబట్టి ఆమె ఇస్తే చాలనీ అన్నాడు.

"ఆయన ఉన్నా ఆయన ఇయ్యరాదు" అంది తారాబాయి. "ఆయనకు చేతులు వణుకుడు రోగం వచ్చింది. పదకొండు ఏండ్లు ఆయన స్టూలు మీద కూసున్నడు, మిషను నేను నడిపిన. సాబు వచ్చిండంటె ఆయన లేచి హ్యాండిల్ పట్టుకునేటోడు, నేను చీపురు పట్టుకునేదాన్ని. సాబు పోయినంక మల్ల నేను."

"ఎవలికి తెల్వలేదా?"

"తెలుసో తెల్వదో. ఎవలు అడుగలే. హర్రాజు నాడు గూడ అడుగలే. పట్టా ఇంటికి తెచ్చుకున్న. అడిగితె ఇద్దును."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఎప్పుడో అరిగిపోయి అడుగున అలసట మాత్రం మిగిలినట్టుంది. రాజలింగుకు ఎందుకో ఆ గడపలో కూర్చుంటే, ఇన్నాళ్లూ మోసిన మూట దించాలనిపించింది.

"అవ్వా, నాకు కండ్లు కనబడుతలెవ్వు. స్కేలు మీది గీతలు కనబడక రెండేండ్లాయె. ఇంట్ల చెప్పలే."

తారాబాయి అతని ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆ పూట జొన్నరొట్టె పెట్టి, పక్కింటి వసారాలో పడుకోమంది. పొద్దున లేచేసరికి పట్టాను సంచిలో పెట్టుకుని, ఇంటికి తాళం వేసి నిలబడి ఉంది.

నస్పూరుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అతను ఊళ్లో లేని రెండు రోజుల్లో లేతు కొట్టం గడప దాకా పోయి ఉంది. దుర్గవ్వ చీర ఎగదోపుకుని గడ్డపార నొక్కుతోంది. చేతులు మోచేతుల దాకా నూనె. కొమురవ్వ గుంజ దగ్గరే ఉంది. లోపలికి వచ్చిన తారాబాయి మొదట మనుషులను పలకరించలేదు. లేతు దగ్గరికి పోయి, దాని వీపు మీద చెయ్యి వేసి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"రోజు ఎవలు తుడుస్తరు?"

"అది తుడుస్తది" అన్నాడు రాజలింగు, దుర్గవ్వను చూపిస్తూ.

"తుడవకపోతె ఈయన నోటికి ఎవలు పడుతరు" అంది దుర్గవ్వ, గడ్డపార వదలకుండా.

దాన్ని గీత మీదికి తెచ్చారు. తారాబాయి రసమట్టం అడిగింది. దుర్గవ్వ లేవలేదు. "గా వెనుక కుడికాలు దిగింది, ఒక్క రేకు పడుతది" అని అరచెయ్యి ఆనించి చెప్పింది. తారాబాయి రసమట్టం తెప్పించుకుని పెట్టి చూసింది. ఒక్క రేకు పెట్టింది. బుడగ నడిమికి వచ్చి నిలబడింది. ఆమె సంచిలోంచి పట్టా తీసింది.

వాకిట్లో మొలిచిన గరిక నాలుగు పరకలు తెంపుకొచ్చి పట్టా కొసకు చుట్టింది. రాజలింగు స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని, తువ్వాలు పరిచిన రెండు చేతులూ చాపి తూర్పుకు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల కోరిక. తారాబాయి పట్టా కొసను అతని చేతుల దాకా తెచ్చి ఆగింది.

"భావూ, నువ్వు నడుపుతవా దీన్ని?"

"నడుపుత."

"స్కేలు కనబడుతదా?"

పట్టా కొస తన చేతులకు అందబోతోంది. అబద్ధం చెబితే లేతుకు తెలుస్తుందన్న భయం ఒకటి, ఎదురుగా పెళ్లాం ఉందన్న సిగ్గు ఒకటి. రాజలింగు తల దించుకున్నాడు.

"కనబడది" అన్నాడు.

దుర్గవ్వ గడ్డపార గోడకు ఆనించింది. "ఎప్పటి సంది?" అని అడిగింది.

"రెండేండ్ల సంది."

"నాకెందుకు చెప్పలే?"

గుంజ దగ్గర నుంచి కొమురవ్వ ఒక్క మాటే అంది. "పాడి బర్రె పలుపు పాలు పిండేటోళ్ల చేతికే ఇస్తరు బిడ్డా, కొన్నోని చేతికి కాదు."

తారాబాయి పట్టాను దుర్గవ్వ వైపు తిప్పింది. దుర్గవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దు" అంది. "నీళ్లు నేనే, కట్టెలు నేనే, బువ్వ నేనే, బీడీలు నేనే. గిప్పుడు ఇది గూడ నా నెత్తి మీదికేనా? ఈయన మోజుకు తెచ్చుకున్న మిషను. నన్ను ఇడిసిపెట్టుండ్రి." అని కొట్టం బయటికి పోయి అరుగు మీద గోడకు తల ఆనించి కూర్చుంది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా కొంత ఓపిక కావాలి.

రాజలింగు పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. అతనికి ఆ పూట దుఃఖం ముంచుకొచ్చింది. పేదరికం కాదు, కన్ను కూడా కాదు, ఇంత వెతికి ఇంత మోసి తెచ్చుకున్నది తన చేతుల దాకా వచ్చి తనది కాకుండా పోతోందే అన్న దుఃఖం. కానీ పక్కన కూర్చున్న మనిషి అరచేతులు చూశాడు. మసక కంటికి కూడా వాటి మీది బొబ్బలు కనిపించాయి. ఆ బొబ్బలు లేతువే. అతని చేతులకు ఆరు నెలల్లో ఒక్కటి కూడా రాలేదు.

"తీస్కో దుర్గీ" అన్నాడు.

"నీళ్లు ఎవలు తెస్తరు?"

"నేను తెస్త."

"కండ్లు కనబడయంటివి."

"చేదబావి దారి కనబడకున్న కాళ్లకు తెలుసు."

"బువ్వ?"

"మాడుతదేమో గాని, వండుత."

"రెండేండ్లు" అంది ఆమె, అతనితో కాదు, తనతో తనే. లేచి కొట్టంలోకి పోయింది. నెత్తి మీది కొంగు సర్దుకుని, ఆ కొంగునే అరచేతుల మీద పరుచుకుని, పచ్చగడ్డితో సహా పట్టా కొసను అందుకుంది. తారాబాయి తన కొస వదిలేసింది. ఎప్పటి నుంచో పట్టుకున్న బరువు దించినట్టు రెండు చేతులూ విదిలించుకుని, "బస్, అయిపోయింది" అంది.

మరునాడు పొద్దున లేతు గీత మీదే ఉంది. ఆ తర్వాతి పొద్దున కూడా. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. కొమురవ్వ మాత్రం కొన్నాళ్లు తోచక గుంజ దగ్గరికి వచ్చి నిలబడి వెళ్లిపోయేది.

తారాబాయి నెల రోజులు ఉండి పని నేర్పింది. మాటలతో నేర్పలేదు. దుర్గవ్వ చెయ్యి మీద తన చెయ్యి వేసి హ్యాండిల్ తిప్పేది, టూలు ఇనుమును తాకగానే వచ్చే చప్పుడు వినమనేది. కూత సన్నగా ఉంటే నెమ్మది, బరువుగా ఉంటే ఆపు. దుర్గవ్వ మొదటివారం మూడు కడ్డీలు పాడుచేసింది, రెండోవారం ఒకటి. సాయంత్రాలు నడుము పట్టుకుని తిట్టేది, ఎవరిని తిడుతున్నదీ స్పష్టంగా తెలిసేది కాదు. ఉండిపొమ్మంటే తారాబాయి వినలేదు. "మిషను పోయినప్పటి సంది నాకు నిద్ర లేదు భావూ, అది వస్తదని గడపలనే కూసున్న. ఇంటికి పోయి పండుకుంట" అని బస్సెక్కింది. వెళ్లిన మనిషి వారం రోజులు లేవకుండా నిద్రపోయిందని తర్వాత భైంసా నుంచి వచ్చిన లారీవాళ్లు చెప్పారు.

సంక్రాంతి ముందు మొండయ్య నాలుగోసారి వచ్చాడు, పెద్దగా ఆశ లేకుండా. రాజలింగు పొయ్యి దగ్గర నుంచి లేచి, బూడిద చేతులు తుడుచుకుని, కొట్టంలో గోడకు నిలబెట్టిన ఇరుసును తెచ్చాడు. ఇవ్వబోయి, ఆగి, బొటనవేలూ చూపుడువేలూ దాని చుట్టూ బిగించి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా లాగాడు. మళ్లీ ఇంకోసారి లాగాడు. ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుందేమోనని వెతికాడు. దొరికితే బాగుండుననే వెతికాడు, అది అతనికి తెలుసు. వేళ్లకు ఎక్కడా ఏమీ తగల్లేదు. కంపెనీలో తన చేతి కింద కూడా ఇట్లాంటివి ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి.

"మంచిగొచ్చింది" అన్నాడు, ఇరుసును మొండయ్య చేతికి ఇస్తూ.

మొండయ్య ఎండలోకి పట్టుకుపోయి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ముఖం విప్పారింది. "ఇగ ఇది ఇరుసంటె. రాజలింగన్నా, ఇంకో రెండు కావాలె, మా తమ్ముని ఇంజనుకు. ఎప్పుడు రమ్మంటవ్?"

లోపల ఇంజను డుగడుగమంటోంది. పట్టా తిరుగుతోంది. దుర్గవ్వ ఇటు వీపు పెట్టి, చెవి మిషను వైపు వంచి, కొంగు నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది.

"నన్నడుగుతవేంది?" అన్నాడు రాజలింగు. "మిషను ఆమెది. ఆమెనడుగు."

మొండయ్య కొట్టం గడప దాకా పోయి నిలబడ్డాడు, ఎట్లా పిలవాలో తెలియక. కాసేపటికి దుర్గవ్వ వెనక్కి తిరగకుండానే, "శుక్రారం రా" అంది.